ఇంగ్లండులో మా అబ్బాయి ఇంటికి అమీనా వచ్చాడు: కౌన్సిల్ ట్యాక్స్ బకాయి విషయంలో సలహా కావాలి

ముక్తేశ్వరం రైతు:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ముక్తేశ్వరం వైపు ఒక పల్లె. కొబ్బరితోట, కొంచెం వరిచేను తప్ప మాకు వేరే ఆధారం లేదు. మా అబ్బాయి 2022 సెప్టెంబరులో ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండు వెళ్ళి, మరుసటి సెప్టెంబరుకు చదువు ముగించి, గ్రాడ్యుయేట్ వీసా మీద అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నాడు. మొన్న ఆదివారం ఫోనులో వాడి ముఖం చూస్తే ఏదో దాస్తున్నాడనిపించి వాళ్ళమ్మ గుచ్చి గుచ్చి అడిగిన మీదట, ఒక కాగితం ఫొటో తీసి పంపించాడు. వాడు పనిలో ఉండగా ఎవరో వచ్చి తలుపు సందులోంచి లోపలికి పడేసి పోయిన కాగితం అది. పైన ఎర్రటి అక్షరాలు, కింద పెన్నుతో గబగబా గీకిన రాత. ఉదయం 10.20కి వచ్చాననీ, మళ్ళీ వస్తాననీ, ఈసారి నువ్వు ఇంట్లో లేకపోయినా సామాను తీసుకుపోతాననీ దాని సారాంశం.

వాడు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. చదువుకునే రోజుల్లో ముగ్గురు స్నేహితులు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. విద్యార్థులకు అక్కడ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వేసే ఇంటిపన్ను, అదే కౌన్సిల్ ట్యాక్స్, ఉండదని ఎవరో చెబితే, చదువు అయిపోయాక కూడా అదే ధీమాతో ఉండిపోయారు. 2024 మార్చి ఆఖరున వాడు ఆ ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరికి మారాడు. ఉత్తరాలన్నీ పాత ఇంటికే వెళ్ళాయి. ఈలోపు కోర్టు ఉత్తర్వు కూడా అయిపోయిందట. ఆ కాగితంలో 1,064 పౌండ్ల బకాయి, దాని మీద 75 ఒకటి, 235 ఒకటి కలిపి మొత్తం 1,374 పౌండ్లు అని వేశారు.

నా చిన్నతనంలో శిస్తు బకాయి పడ్డామని మునసబుగారి మనుషులు మా నాయనమ్మ ఇత్తడి బిందె పట్టుకుపోయి చావడి అరుగు మీద బోర్లించారు. దాని మెడ మీద మా తాతగారి పేరు చెక్కి ఉండేది. బడికి వెళ్ళే పిల్లలందరూ ఆ పేరు చదువుకుంటూ పోయారు. మా నాయనమ్మ ఆ తరవాత చాలాకాలం చావడి వీధిన నడవలేదు. ఆ బిందె కళ్ళముందు మెదులుతుండటం వల్ల నాకు రెండు రాత్రులుగా నిద్ర పట్టడం లేదు.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. ఆ వచ్చేవాడు తలుపు పగలగొట్టి లోపలికి రాగలడా? వాడి ల్యాప్‌టాప్, సామాను ఎత్తుకుపోతాడా? దీనికి జైలు ఉందా? కాగితం మీద ఒక ఫోను నంబరు ఉంది. కొబ్బరి దింపు డబ్బు చేతికొచ్చింది కాబట్టి వెంటనే పంపి, ఆ నంబరుకు ఫోను చేసి కట్టేయమని వాడితో చెబుదామనుకుంటున్నాను. అది సరైన పనేనా? తెలిసినవారు చెప్పగలరు.

పాలకొల్లు ఆడపడుచు:

అన్నయ్యగారూ, నేను పదకొండేళ్ళు ఇంగ్లండులో ఉండి, అప్పుల్లో చిక్కుకున్నవారికి ఉచితంగా సలహా ఇచ్చే ఒక కేంద్రంలో వారానికి రెండు రోజులు పనిచేసి, మూడేళ్ళ క్రితం పాలకొల్లు తిరిగి వచ్చాను. మీ అబ్బాయిలాంటి పిల్లల కాగితాలు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. ముందుగా ఒక్క మాట. ఈ రోజు డబ్బు పంపకండి, ఆ నంబరుకు ఫోను చేయించకండి. ఎందుకో వరసగా చెబుతాను.

మొదట తలుపు సంగతి. కౌన్సిల్ ట్యాక్స్ బకాయి కోసం వచ్చే బెయిలిఫ్‌ను ఇప్పుడు అక్కడ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్ అంటున్నారు. మొదటిసారి ఇంట్లోకి అడుగుపెట్టడానికి అతడు బలప్రయోగం చేయకూడదు. తలుపు తాళం పగలగొట్టడానికి, కిటికీలోంచి దూరడానికి, తలుపుకు కాలు అడ్డుపెట్టి తోసుకురావడానికి అతనికి హక్కు లేదు. తీసి ఉన్న లేదా గడియ వేయని తలుపులోంచి, లేదా లోపలివారు రమ్మంటే మాత్రమే రాగలడు. కాబట్టి మీ అబ్బాయి తలుపు గడియ వేసుకుని ఉండాలి, మాట్లాడవలసి వస్తే తలుపు వెనకనుంచో, ఫోనులోనో మాట్లాడాలి. అతడు ఉదయం 6 నుంచి రాత్రి 9 లోపు ఏ రోజైనా రావచ్చు. పదహారేళ్ళలోపు పిల్లలు మాత్రమే ఇంట్లో ఉంటే లోపలికి రాకూడదు. మీరు భయపడే బిందె కథ అక్కడ జరగాలంటే ముందు మనమే గడప దాటనివ్వాలి. "నువ్వు ఇంట్లో లేకపోయినా తీసుకుపోతాను" అన్న రాత బెదిరింపే తప్ప, తాళం వేసి ఉన్న ఇంటి విషయంలో అతని చేతిలో ఉన్న పని కాదు.

లోపలికి వచ్చినా అన్నీ ముట్టుకోవడానికి వీల్లేదు. పొయ్యి, ఫ్రిజ్, బట్టలుతికే యంత్రం, మంచాలు, పరుపులు, ఇంటిల్లిపాదికీ సరిపడా భోజనబల్ల, కుర్చీలు వదిలేయాలి. ఉద్యోగానికో చదువుకో అవసరమైన కంప్యూటరు, పుస్తకాలు, పనిముట్లు, వాహనం వంటివి మొత్తం 1,350 పౌండ్ల విలువ వరకు మినహాయింపులోకి వస్తాయి. తోటి అద్దెవారి సామాను, ఇంటి యజమాని సామాను అసలు ముట్టకూడదు. బయట నిలిపిన కారు మాత్రం వేరు సంగతి. దానికి తలుపుతో పనిలేదు కాబట్టి చక్రానికి తాళం వేసేస్తారు. మీ అబ్బాయికి కారు ఉంటే ఈ వ్యవహారం తేలేవరకు దూరంగా, మూసి తాళం వేసిన గ్యారేజీలో పెట్టుకోమనండి.

జైలు సంగతి. కౌన్సిల్ ట్యాక్స్ కట్టకపోవడం అక్కడ నేరం కాదు. అది సివిల్ బకాయి. చట్టంలో ఇంగ్లండు వరకు మూడు నెలల దాకా జైలు శిక్షకు వీలు ఇంకా ఉంది. వేల్సులో దాన్ని 2019లో ఎత్తేశారు. అయితే జప్తు ప్రయత్నం విఫలమయ్యాక, మేజిస్ట్రేటు ముందు అతని ఆదాయం, ఖర్చు అన్నీ విచారించి, కట్టగలిగి ఉండీ బుద్ధిపూర్వకంగా ఎగ్గొట్టాడనో, తన నిర్లక్ష్యం వల్లే కట్టలేదనో తేల్చిన తరవాతి మాట అది. మీ అబ్బాయి దానికి దరిదాపుల్లో లేడు.

ఇక అసలైన విషయం. మనకు ఇంటిపన్ను అంటే ఇంటి యజమాని కట్టేది. అక్కడ కౌన్సిల్ ట్యాక్స్ 1993 ఏప్రిల్ నుంచి వచ్చిన పన్ను, అందులో ఉండేవారు కట్టేది. అద్దెకు ఉన్నవారే కట్టాలి. మన పిల్లలు తప్పటడుగు వేసేది ఇక్కడే. అందరూ పూర్తికాల విద్యార్థులే ఉన్న ఇంటికి పన్ను పూర్తిగా మినహాయింపు. చదువు ముగిసిన రోజుతో విద్యార్థి హోదా పోతుంది, ఆ మరునాటి నుంచి లెక్క మొదలవుతుంది. విశ్వవిద్యాలయం కబురు ఇస్తే కౌన్సిల్ బిల్లు పంపుతుంది. కట్టకపోతే 7 రోజుల గడువుతో గుర్తుచేసే ఉత్తరం, తరవాత ఆ సంవత్సరం మొత్తం ఒకేసారి కట్టమని కబురు, తరవాత మేజిస్ట్రేటు కోర్టు సమన్లు, ఆపైన లయబిలిటీ ఆర్డర్ అనే ఉత్తర్వు, ఆ ఉత్తర్వు వచ్చాకే బెయిలిఫ్. ఉత్తరాలు పాత ఇంటికి పోవడంతో మీ అబ్బాయికి ఈ మెట్లన్నీ తెలియకుండానే దాటిపోయాయి.

ఆ 75, 235 పౌండ్లు బెయిలిఫ్ రుసుములు. 2014 ఏప్రిల్‌లో అమలైన నిబంధనలు ఈ రుసుములను మూడు మెట్లుగా పెట్టాయి. వ్యవహారం అతని చేతికి రాగానే 75, గుమ్మానికి వచ్చాక 235, సామాను అమ్మకానికి తరలిస్తే 110. బకాయి 1,500 దాటితే పైమొత్తం మీద నూటికి ఏడున్నర చొప్పున అదనం. గుమ్మానికి రాకముందు కనీసం 7 పూర్తి రోజుల గడువుతో, బాకీదారు మామూలుగా నివసించే చోటికి నోటీసు పంపాలి. ఆదివారాలు, సెలవులు ఆ లెక్కలోకి రావు. ఈ నోటీసు ఏ చిరునామాకు పంపారో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. పాత ఇంటికి పంపి ఉంటే ఆ 235 గురించి అభ్యంతరం చెప్పడానికి గట్టి ఆధారం దొరుకుతుంది.

నేను లెక్క వేసి చెప్పాలంటే మూడు సంగతులు కావాలి. అద్దె ఒప్పందం ముగ్గురి పేరున ఒకటా, గదికొకటా? ఉత్తర్వులో పన్ను ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వేశారు? మిగతా ఇద్దరూ ఆ కాలంలో ఏం చేస్తున్నారు?

రావులపాలెం పూలతోట:

ఇంత చర్చ ఎందుకండీ? పద్నాలుగు వందల పౌండ్లు కట్టి పరువు నిలబెట్టుకోవడం తేలిక. పరాయిదేశంలో కౌన్సిల్‌తో వాదన పెట్టుకుంటే రేపు వీసాకు ఏం అడ్డం వస్తుందో? రైతుగారూ, డబ్బు చేతిలో ఉన్నప్పుడు పంపేయండి, పీడ విరగడవుతుంది.

పాత బిల్లు కలెక్టరు:

పూలతోట గారూ, మీ మాటలో మంచిమనసు ఉంది కానీ, ముప్పై నాలుగేళ్ళు డెల్టాలోని మూడు మున్సిపాలిటీల్లో ఇంటిపన్ను వసూలు చేసినవాడిగా నేను దాన్ని ఒప్పుకోలేను. నా ఉద్యోగంలో గమనించింది ఏమిటంటే, జప్తు కాగితం చూడగానే జనానికి లెక్క అడగాలన్న ఆలోచన పోతుంది. డిమాండు నోటీసులో తప్పు పడిందని నాకే తెలిసిన ఇళ్ళలో కూడా, వీధిలో నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో నోరెత్తకుండా కట్టినవారు ఉన్నారు. ఒకాయన దగ్గర రెండుసార్లు వసూలైంది. అంతకుముందే కట్టిన రసీదు ఆయన ఇంట్లో దేవుడి పటం వెనకాల ఉండిపోయింది. రసీదు దొరికాక ఆ సొమ్మును తరవాతి అర్ధసంవత్సరానికి సర్దడానికి ఆయన ఎనిమిది నెలలు తిరిగాడు. కట్టేసిన సొమ్ము వెనక్కి రప్పించడం ఎంత కష్టమో కౌంటరుకు ఇవతల కూర్చున్న నాకు తెలుసు. సముద్రాల అవతల అది ఇంకా కష్టమవుతుందే తప్ప తేలిక కాదు.

రైతుగారు బిందె సంగతి రాశారు. కరణాలు, మునసబుల వ్యవస్థ 1984లోనే పోయింది. ఇప్పుడు మన పట్టణాల్లో ఏప్రిల్ 30 లోపు సంవత్సరం మొత్తం కడితే నూటికి 5 తగ్గింపు ఇస్తారు, బకాయి పడితే నెలకు నూటికి 2 వడ్డీ వేస్తారు. జనం కాళ్ళు కదిలేది జప్తు భయంకన్నా ఈ వడ్డీ వల్లే. చట్టంలో జప్తు ఉన్నా దాన్ని ప్రయోగించేది తక్కువ. ఆ మాటకొస్తే, మన సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షనులోనూ కోర్టు అమీనా ముట్టరానివి ఉన్నాయి. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, చేతిపనివారి పనిముట్లు, రైతు దుక్కిటెద్దులు, విత్తనాలు, ఆడవారు మతాచారం ప్రకారం ఒంటి మీదనుంచి తీయకూడని నగ అందులో చేరతాయి. మన భాషలో చెప్పాలంటే తాళి. ఆడపడుచుగారు చెప్పిన పొయ్యి, మంచం జాబితా చదువుతుంటే ఆ సెక్షనే గుర్తుకొచ్చింది.

ఇంకొక హెచ్చరిక. ఆ కాగితం నిజమైనదో కాదో ఇప్పటివరకు ఎవరూ అడగలేదు. పన్ను బకాయి పేరు చెప్పి ఫోన్లు చేసి డబ్బు గుంజే మోసగాళ్ళు ఇక్కడ ఎందరో, అక్కడా అందరే ఉంటారు. మనం వసూలు చేసే రోజుల్లో గుర్తింపుకార్డు అడిగితే చూపించాల్సిందే. అక్కడ కూడా అంతే అయి ఉండాలి. మీ అబ్బాయి మొదట కౌన్సిల్ వారి సొంత వెబ్‌సైటులోని నంబరుకు ఫోను చేసి, తన పేరు మీద ఉత్తర్వు ఉందా, ఉంటే ఎవరికి అప్పగించారు అని కనుక్కోవాలి. కాగితం మీది నంబరుకు కాదు.

పాలకొల్లు ఆడపడుచు:

కలెక్టరుగారు చెప్పినది నిజం. అక్కడి బెయిలిఫ్‌కు కౌంటీ కోర్టు ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ ఉన్నవారి పేర్ల జాబితాను ప్రభుత్వం ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. పేరు వెతికితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పూలతోట గారి భయానికి ఒక ఊరట ఏమిటంటే, లయబిలిటీ ఆర్డర్ బ్యాంకులు చూసే అప్పుల చరిత్రలోకి ఎక్కదు.

ముక్తేశ్వరం రైతు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వాడు కౌన్సిల్‌కు ఫోను చేశాడు. ఉత్తర్వు నిజమే, కాగితమూ నిజమే. చెల్లెమ్మగారు అడిగినవి రాస్తున్నాను. ఒప్పందం ముగ్గురి పేరునా ఒకటే. పన్ను 2023 జులై 1 నుంచి 2024 మార్చి 31 వరకు వేశారు, అందులో పన్ను 1,000, కోర్టు ఖర్చులు 64. మా వాడికీ, వాడితోపాటు చదివిన తణుకు అబ్బాయికీ కోర్సు 2023 సెప్టెంబరు 22న ముగిసింది. తణుకు అబ్బాయి నవంబరు 30న ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. మూడో అబ్బాయి పీహెచ్‌డీ విద్యార్థి, ఆద్యంతం అక్కడే ఉన్నాడు. మా వాడికి కారు లేదు. మే నెలతో తరగతులు అయిపోయాయి కాబట్టి జులై నుంచి విద్యార్థి కాదనుకున్నామని కౌన్సిల్‌లో ఎవరో అన్నారట.

పాలకొల్లు ఆడపడుచు:

అన్నయ్యగారూ, ఈ నాలుగు తేదీలు మీకు దగ్గర దగ్గర నాలుగు వందల పౌండ్లు మిగల్చబోతున్నాయి. కాగితం, పెన్ను తీసుకుని నాతోపాటు లెక్క వేయండి.

జులై 1 నుంచి మార్చి 31 వరకు 275 రోజులు. వెయ్యిని భాగిస్తే రోజుకు సుమారు 3 పౌండ్ల 64 పెన్నీలు. తరగతులు మేలో అయిపోయినా సిద్ధాంతవ్యాసం రాసే కాలం కూడా కోర్సులో భాగమే, కోర్సు ఆఖరి రోజు దాకా అతడు విద్యార్థే. జులై 1 నుంచి సెప్టెంబరు 22 వరకు 84 రోజులూ ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు విద్యార్థులు కాబట్టి ఇల్లు పూర్తిగా మినహాయింపులో ఉంటుంది. అక్కడ దాదాపు 305 పౌండ్లు పోతాయి. డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు 122 రోజులు ఇంట్లో మీ వాడు, పీహెచ్‌డీ అబ్బాయి మాత్రమే ఉన్నారు. పన్ను లెక్కలో విద్యార్థిని మనిషిగా లెక్కించరు, కాబట్టి కాగితం మీద మీ వాడు ఒంటరివాడు, నూటికి 25 తగ్గింపు అతని హక్కు. అక్కడ ఇంకో 111 పౌండ్లు పోతాయి. మిగిలేది సుమారు 584 పౌండ్లు. ఈ ఒంటరివారి తగ్గింపు ప్రభుత్వసహాయం కిందికి రాదు కాబట్టి వీసా షరతుకు భంగం ఉండదు. తక్కువ ఆదాయం ఉన్నవారికిచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ వేరు. ప్రభుత్వసహాయం కూడదని వీసాలో ఉన్నవారు అది మాత్రం అడగకూడదు. పేర్లు దగ్గరగా ఉండటంతో పిల్లలు పొరబడుతుంటారు.

చేయవలసిన పని ఏమిటంటే, విశ్వవిద్యాలయం నుంచి కోర్సు మొదటి తేదీ, ఆఖరి తేదీ ఉన్న ధ్రువపత్రం తెప్పించుకుని, పీహెచ్‌డీ అబ్బాయి పత్రం కూడా జతచేసి, కౌన్సిల్‌కు రాతపూర్వకంగా మూడు విషయాలు అడగాలి: తేదీలు సరిచేసి బిల్లు మళ్ళీ వేయమని, విషయం తేలేవరకు బెయిలిఫ్ దగ్గరనుంచి ఖాతా వెనక్కి తీసుకోమని, తప్పు మొత్తం మీద తెచ్చుకున్న ఉత్తర్వు కాబట్టి కోర్టు ఖర్చులు, బెయిలిఫ్ రుసుములు వదులుకోమని. తప్పు ఉత్తర్వును రద్దు చేయమని కౌన్సిలే మేజిస్ట్రేటును కోరడానికి 2003 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టంలో వీలుంది. కౌన్సిల్ కాదంటే, లేదా రెండు నెలల్లో సమాధానం ఇవ్వకపోతే, ఇలాంటి పన్ను తగవులు విచారించే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చు.

మిగిలిన 584 న్యాయంగా కట్టవలసిందే. ఉద్యోగం ఉంది కాబట్టి నెలకింత అని తన ఖర్చుల పట్టిక జతచేసి కౌన్సిల్‌కే వాయిదాలు ప్రతిపాదించమనండి. చేయగలిగినదానికన్నా ఎక్కువ ఒప్పుకోవద్దు. ఒకవేళ వేరే అప్పులు కూడా ఉండి ఊపిరాడకపోతే, 2021 మే నుంచి ఇంగ్లండులో బ్రీతింగ్ స్పేస్ అనే ఏర్పాటు ఉంది. అప్పుల సలహాదారు ద్వారా నమోదైతే 60 రోజులు బెయిలిఫ్‌తో సహా అందరూ ఆగాలి. సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్ వారు ఈ సలహాకు పైసా తీసుకోరు.

భీమవరం కుర్రాడు, మిడ్‌లాండ్స్:

బాబాయిగారూ, నాది కూడా ఇదే కథ, కాకపోతే నాకు ఇలా చెప్పేవారు లేకపోయారు. అందుకని నేను చేసిన తప్పు రాస్తున్నాను.

బెయిలిఫ్ వచ్చినప్పుడు బయట వాన పడుతోంది. మనిషి పెద్దవాడు, చేతిలో టాబ్లెట్, మెడలో కార్డు, చాలా మర్యాదగా మాట్లాడాడు. వాకిట్లో ఒక మనిషి తడుస్తూ నిలబడితే లోపలికి రండి అనకుండా ఉండటం మనకు పుట్టుకతో రాని విద్య. అన్నాను. కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చి, టీ వద్దని, హాలులో నిలబడి టీవీ, సౌండ్‌బార్, గేమింగ్ కన్సోల్, నా సైకిలు ఒక్కొక్కటే రాసుకున్నాడు. తరవాత టాబ్లెట్ మీద వేలితో సంతకం పెట్టమన్నాడు. అది నెలవారీ వాయిదాల కాగితం అనుకున్నాను. నిజానికి దాన్ని కంట్రోల్డ్ గూడ్స్ అగ్రిమెంట్ అంటారు. ఆ సామాను నా ఇంట్లోనే ఉంటుంది, కానీ చట్టం లెక్కన అతని అదుపులోకి పోయింది. ఒక్క వాయిదా తప్పితే, రెండు పూర్తి రోజుల నోటీసు ఇచ్చి, ఈసారి బలవంతంగానైనా లోపలికి రావచ్చు. మొదటిసారి రాలేని మనిషికి రెండోసారి తాళం తీసే హక్కు ఇచ్చింది నా వేలే.

రెండో నెలలో నా షిఫ్టులు తగ్గి వాయిదా తప్పింది. నోటీసు వచ్చిన రోజే మా అక్క నగ కుదువపెట్టించి మొత్తం కట్టాను. టీవీ ఖరీదు రెండు వందలు ఉండదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. వాళ్ళు నిబంధన దాటలేదు కూడా, నేను చదవకుండా సంతకం పెట్టాను అంతే.

అందుచేత మీ అబ్బాయికి ఒకటి గట్టిగా చెప్పండి. తనతో గదులు పంచుకునేవారికి కూడా ఈ సంగతి చెప్పి ఉంచమనండి. నేను సిగ్గుపడి నా రూమ్మేట్లకు చెప్పలేదు. నేను ఇంట్లో లేనప్పుడు వాళ్ళలో ఎవరైనా తలుపు తీసి ఉంటే కథ అక్కడే మొదలయ్యేది.

ముక్తేశ్వరం రైతు:

మూడు వారాల తరవాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. కాలువలు కట్టేసే ముందు ఆఖరి తడి పెట్టుకునే పనిలో పడిపోయాను.

చెల్లెమ్మగారు చెప్పినట్టే ఉత్తరం రాయించాను. మావాడు మొదట బెట్టు చేశాడు, కట్టేస్తే పోతుంది కదా నాన్నా అన్నాడు. భీమవరం అబ్బాయి రాసింది చదివి వినిపించాక దారికొచ్చాడు, రూమ్మేట్లకు కూడా చెప్పాడు. వాళ్ళలో ఒకడికి కూడా ఇలాంటి ఉత్తరమే వచ్చి, పరుపు కింద దాచుకున్నాడని అప్పుడు బయటపడింది. బెయిలిఫ్ ఇంకొకసారి వచ్చాడు. మావాడు మేడమీది కిటికీలోంచి మాట్లాడి, కౌన్సిల్‌కు రాసిన ఉత్తరం నకలు చూపించాడు. ఆయన ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

నిన్న కౌన్సిల్ నుంచి సమాధానం వచ్చింది. తేదీలు సరిచేశారు, ఒంటరివారి తగ్గింపు ఇచ్చారు. కొత్త బిల్లు 583 పౌండ్ల 60 పెన్నీలు. చెల్లెమ్మగారి లెక్కకు నలభై పెన్నీల తేడా. ఖాతాను బెయిలిఫ్ దగ్గరనుంచి వెనక్కి తీసుకున్నారు, 75, 235 కొట్టేశారు. కోర్టు ఖర్చు 64 గురించి మాత్రం ఇంకా పరిశీలనలో ఉందన్నారు. నెలకు 90 చొప్పున కట్టడానికి ఒప్పుకున్నారు, జీతంలోంచి వాడే కట్టుకుంటానన్నాడు.

ఒక్క సందేహం మిగిలింది. సెప్టెంబరు 23 నుంచి నవంబరు 30 వరకు తణుకు అబ్బాయి కూడా ఉన్నాడు కదా. ఆ రోజుల పన్నులో సగం అతని దగ్గర అడగవచ్చా?

పాలకొల్లు ఆడపడుచు:

కౌన్సిల్ దృష్టిలో ఆ 69 రోజుల పన్నుకు ఇద్దరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులే. అంటే మొత్తం ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు, సగం సగం చేసి పంచే పని వాళ్ళది కాదు. ఆ కాలానికి పన్ను సుమారు 251 పౌండ్లు, సగం 125 పైచిలుకు. అది స్నేహితులిద్దరూ చూసుకోవలసిన లెక్క. 64 గురించి మాత్రం నెల దాటితే మళ్ళీ రాయించండి, వాళ్ళంతట వాళ్ళు గుర్తుపెట్టుకోరు.

ముక్తేశ్వరం రైతు:

ఆ అబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో ఉన్నాడు, ఫోను ఎత్తడం లేదట. వాళ్ళ నాన్నగారు నాకు తెలుసు, వీసాల హడావుడిలో బ్యాంకు దగ్గర కలిశాం. వచ్చే వారం దింపు అయ్యాక తణుకు వెళ్ళి, ఈ కొత్త బిల్లు నకలు ఆయన చేతిలో పెట్టి వస్తాను.